పిడి దగ్గర తెగిన పిట్ట

ఇంగ్లండులోని బర్స్‌లెమ్ పాత సామాన్ల సంతలో హిల్డా షెంటన్ కనిపిస్తే చాలు, కొట్టువాళ్ళు కాఫీ కప్పులు ముందుకు జరిపేవారు. డెబ్బై దాటిన మనిషి, నాలుగు గుక్కలు పట్టే ఆ బుల్లి నీలం కప్పుల్లో ఒక్కటే వెతికేది: పిడి దగ్గర సగానికి తెగిన పిట్ట బొమ్మ.

ఆ పిట్టను తెంపింది చెల్లెలు ఐవీ అని ఆమె నమ్మకం. యాభై ఏళ్ళ కిందట పింగాణీ కార్ఖానాలో ఇద్దరిదీ ఒకే బల్ల. పల్చటి కాగితం మీద తీసిన అచ్చును కప్పు చుట్టూ అతికి, సబ్బు బ్రష్షుతో రుద్ది, తడి గుడ్డతో కాగితం కడిగేయాలి. అంచులు కలిసేచోట బొమ్మ తెగకూడదు. ఒకరోజు వరసంతా తెగిన పిట్టలే. "ఎవరివివి?" అన్నాడు మేస్త్రీ. "ఐవీవి," అంది హిల్డా. ఐవీ కప్పుల వంక చూసింది, అక్క వంక చూసింది, ఏప్రన్ విప్పి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ చలికాలంలోనే కాలువలో శవమై తేలింది. అది పందొమ్మిది వందల ముప్పై ఆరు.

అప్పట్నుంచి హిల్డా ఇంట్లో ఒంటరిగా ఉన్నదెప్పుడు? పట్టపగలే వెనక కార్ఖానా సబ్బు వాసన, తడి గుడ్డ చప్పుడు. కొత్త కప్పు అలమరలో చేరినప్పుడల్లా, "పోనీలేవే ఐవీ, తప్పు చెయ్యనిదెవరు? నేనెప్పుడో మర్చిపోయా," అనేది. వాసన పోయేది కాదు. ఇంత క్షమించినా దీనికింకా ఏం కావాలో ఆమెకు అంతుపట్టేది కాదు.

ఆ గురువారం సిరిల్ కొట్లో ఇంకోటి దొరికింది. సిరిల్ అదే కార్ఖానాలో బట్టీ దగ్గర పనిచేసినవాడు.

"వచ్చావా మహాతల్లీ. మంచివి ముట్టవు, ఇలాంటి అవిటివంటేనే నీకు మోజు."

"మా ఐవీ చేతిది లేవయ్యా. ఇలా తే."

సిరిల్ కప్పు తిరగేశాడు. "ఐవీదెట్టా అవుద్ది? పచ్చిమట్టిలో కొట్టిన తేదీ చూడు, ముప్పై ఎనిమిది. అచ్చు ఆ తర్వాతేగా వేసేది. పాపం, ఆ పిల్ల అప్పటికే పోయింది."

"నీకు కళ్ళు కనపడట్లేదు."

"నాకు కనపడకపోతే నువ్వే చూడు."

చూసింది.

"అప్పుడీ బొమ్మ అతికేది నువ్వొక్కదానివే కదే," అన్నాడు సిరిల్, కప్పును కాగితంలో చుడుతూ. "చెల్లి పోయిన పిల్లవని మేస్త్రీ నిన్ను ఏమీ అనేవాడు కాదు. నీ పనే నీకు గుర్తులేదన్నమాట."

హిల్డా డబ్బులు బల్ల మీద పడేసి పొట్లం లాక్కుంది.

ఇంటికొచ్చి కప్పులన్నీ దించింది. ఆ కప్పుకీ ముప్పై ఆరు నాటి వీటికీ ఒకే అతుకు, ఒకే చెయ్యి. ఆ రోజు ఐవీకి తెలుసు. చూడగానే తెలుసు. తెలిసీ అక్కను పట్టివ్వలేదు.

"అవి నావేనే, ఐవీ," అంది, వెనక్కి తిరక్కుండా.

సబ్బు వాసన పోయింది. గబుక్కున వెనక్కి తిరిగింది. క్షమించమని అడుగుదామంటే, ఇంట్లో ఎవరూ లేరు.