నూట నలభై రెండు రోజులు

రాజలింగం బండ్లన్నిటి ముందు చక్రాలను ఎడమ వైపుకే తిప్పుతాడు. కోరుట్ల బస్టాండు పక్కన ఉన్న సైకిల్ స్టాండులో ఆ పని చెయ్యమని అతనికి ఎవరూ చెప్పలేదు. సైకిల్ స్టాండు అని పేరే గానీ, సైకిళ్లు ఎక్కడివి ఈ రోజుల్లో! అన్నీ మోటారు సైకిళ్లే. పొద్దున ఏడు కాకముందే ఉద్యోగస్తులూ కాలేజీ పిల్లలూ వచ్చి బండ్లను అడ్డదిడ్డంగా పడేసి బస్సు వెంట ఉరుకుతారు. అతను ఒక్కొక్కదాన్నే వెనక్కి లాగి, వరుసలో నిలబెట్టి, హ్యాండిల్ ఎడమకు తిప్పి, చీటీ సగం చింపి బ్రేకు తీగకు గుచ్చుతాడు. యాభై ఆరేళ్ల మనిషి. నల్లగా, ఎండిన కట్టెలా ఉంటాడు. జుట్టు మాత్రం ఇప్పటికీ చెవుల పైకే కత్తిరించుకుంటాడు. ఎడమ కాలి చెప్పు ముందు భాగం నడుస్తుంటే నేలకు తపతప కొట్టుకుంటుంది. ఆ పాదానికి మూడు వేళ్లు లేవు.

"ఏం మిలిట్రీ, బండ్లకు గూడ పరేడ్ నేర్పుతున్నవా?" అన్నాడు గణేశ్. స్టాండు కాంట్రాక్టు అతనిది. పదిహేనేళ్లుగా రోజూ ఇదే మాట అంటాడు, రోజూ తనే నవ్వుతాడు. మంచివాడే. మంచివాళ్లకు మాత్రం కొత్త మాటలు దొరకాలని ఎక్కడుంది?

"పన్నెండింటికి పోత సేటూ. జగిత్యాలల పనున్నది."

"మల్ల గా మెడళ్ల పనేనా? గవి అస్తె పింఛన్ పెరుగుతదా?"

"పెర్గది."

"మరి ఎందుకే గింత తిప్పలు?"

రాజలింగం ఒక బండి తాళం సరిచూస్తున్నట్టు వంగాడు. ఎందుకో చెప్పాలంటే బిడ్డ సంగతి చెప్పాలి. స్టాండులో నిలబడి చెప్పే సంగతా అది?

బిడ్డ అఖిలను సిరిసిల్లలో ఇచ్చాడు. అక్కడే బట్టలు కుట్టే షెడ్డులో పని చేస్తుంది. పోయినేడాది ముందటేడు అల్లుడి ఇంట్లో ఏదో విందు జరిగింది. తినేటప్పుడు వియ్యంకుడు రాములు, రాజలింగం తాగిన మత్తులో రైలు కింద కాలు పెట్టి వేళ్లు పోగొట్టుకున్నాడట గదా అని నలుగురిలో అన్నాడు. ఊళ్లో ఎవడో ఎప్పుడో పుట్టించిన మాట అది. రాజలింగం తల వంచుకుని అన్నం కలుపుకున్నాడు. అఖిల మాత్రం ఊరుకోలేదు. "మా నాయిన మంచు కొండ మీద కావలి ఉన్నడు. గాడనే పొయినయి వేళ్లు. మెడల్ గూడ ఇచ్చిండ్రు" అంది. అయితే చూపించమన్నారు. తర్వాతి వారం రాజలింగం డిశ్చార్జి పుస్తకం పట్టుకుపోయాడు. రాములు కళ్లద్దాలు పెట్టుకుని మెడళ్లు రాసిన పేజీ మీద వేలు పెట్టాడు. అందులో రెండే పేర్లున్నాయి. ఆ మంచు కొండది, సియాచిన్ మెడల్ పేరు లేదు. అతనికిచ్చిన నాలుగింట్లో ఇంకొకటి కూడా లేదు. అన్నేళ్లూ ఆ పుస్తకాన్ని పెట్టెలో దాచుకున్నాడే గానీ, రాజలింగం ఆ పేజీ ఒక్కసారైనా చదివి చూసుకోలేదు. ఏం మనిషో!

రాములు నవ్వలేదు, అది నిజం. నవ్వింది మిగతావాళ్లు. అఖిల పుస్తకం తీసి తండ్రి చేతిలో పెట్టింది, ముఖం చూడకుండా. ఆ తర్వాత ఆ మాట మళ్లీ ఎత్తలేదు. మెడళ్ల నకళ్ల కోసం దరఖాస్తులు తనే ఫోనులో నింపి పంపుతుంది, జవాబు వచ్చిందా అని అడుగుతుంది, అంతే. ఆమెకూ అనుమానం పుట్టిందా? అడిగే ధైర్యం అతనికి లేదు. ఊరంతా ఏమనుకున్నా పర్వాలేదు, ఆ ఒక్క పిల్ల అనుకుంటే మాత్రం తట్టుకోలేడు.

మెడళ్లు చేతిలో ఉంటే ఇంత కథే లేదు. ఒక్కోదాని అంచు మీద అతని నంబరూ పేరూ చెక్కి ఉన్నాయి, అదే సాక్ష్యం. కానీ అవి దేవుడి దగ్గరున్నాయి. కొడుకు ప్రాణాలతో తిరిగొస్తే నిలువుదోపిడి ఇప్పిస్తానని తల్లి బుచ్చవ్వ వేములవాడ రాజన్నకు మొక్కింది. పదిహేడేళ్ల నౌకరీ ముగించుకుని, యూనిఫారం మీదనే బస్సు దిగినవాణ్ని ఇంటి గడప కూడా తొక్కనివ్వకుండా అటే తీసుకుపోయింది. గడియారం, ఉంగరం, బెల్టు, జేబులో ఉన్న పర్సు అన్నీ హుండీలో వేశాడు. "ఛాతి మీదియి గూడ కొడుకా. దేవునికాడ దాసుకుంటమా?" అంది. నిలువుదోపిడి అంటే ఒంటి మీద ఏదీ మిగలకూడదు మరి. నాలుగూ విప్పి వేశాడు. అప్పుడు బాధ కూడా కలగలేదు. తల్లి సంతోషమే చూసుకున్నాడు.

రెండేళ్ల ఉత్తరాల తర్వాత మిలిటరీ రికార్డుల ఆఫీసు నుంచి జవాబు వచ్చింది. పాత రిజిస్టర్లు చెడిపోయాయి, నీతో పాటు ఆ పోస్టులో పనిచేసిన ఆఫీసరు ఎవరైనా బాండు పేపరు మీద రాసిస్తే చూస్తాం అన్నారు. అలాంటి ఆఫీసరు బతికున్నవాడు ఒక్కడే. కెప్టెన్ మాధవ రావు. ఉండేది జగిత్యాలలోనే.

పన్నెండున్నర బస్సులో నిలబడే పోయాడు. చొక్కా లోపల, కడుపుకు ఆనించి, సారు సంతకం కోసం బాండు మీద టైపు చేయించిన కాగితం.

మాధవ రావు వాళ్లు పాత దొరలు. రాజలింగం తాత ఆ ఇంటి పొలాల్లో వెట్టి చేసినవాడే. పైన, ఆ మంచులో మాత్రం తొమ్మిది మంది ఒకే గుడిసెలో, ఒకే కిరోసిన్ పొయ్యి పొగ పీలుస్తూ పడుకున్నారు. రాజలింగం వంటవాడు. డబ్బాలోని పాలు రాయిలా గడ్డకడితే చంకలో పెట్టుకుని కరిగించేవాడు. కిందికి దిగాక ఎవరి దారి వాళ్లది. ముప్పై ఏళ్లలో ఆ ఇంటికి రెండుసార్లు పోయాడు, రెండుసార్లూ వరండాలోనే కూర్చున్నాడు.

ఈసారి లోపలికి రమ్మన్నారు. మంచం మీద దిండ్లకు ఆనుకుని మాధవ రావు కూర్చున్నాడు. ముక్కులో ఆక్సిజన్ గొట్టం. ఊపిరితిత్తులు ఎప్పుడో పాడయ్యాయి. భార్య ప్రమీల కళ్లద్దాలు తుడిచి ఇచ్చింది. ఆయన కాగితం తీసుకుని వేలు పెట్టి, వరుస వరుసా చదివాడు. ఒక చోట వేలు ఆగింది.

"ఆరు నెలలని రాసినవ్?"

"అటిటుగ గంతే గద సార్."

"గంతే గాదు. నూట నలభై రెండు దినాలు. నేను గోడ మీద గీతలు పెట్టిన." ఊపిరి అందుకోవడానికి ఆగాడు. "నా సంతకం మీద అబద్ధం ఉండద్దు రాజలింగం. పో, మార్పిచ్చుకొని రా."

"గీ ఒక్కటి మీరే కొట్టేసి..."

"కొట్టివేతలుంటె ఆఫీసోళ్లు వాపస్ పంపుతరు. నాకెరుక లేదా? పో. నేనేడికి పోత?"

తప్పు రాజలింగానిదే. టైపు చేసే మనీషా ఎంత కాలం ఉన్నావని అడిగితే ఆరు నెలలని తనే చెప్పాడు. ఈ ప్రాంతంలో ఎవరైనా అలాగే చెబుతారు. దుబాయిలో ఎన్నేళ్లున్నావంటే పది అంటారు, పిల్లకు వయసెంతంటే ఇరవై అంటారు. నూట నలభై రెండు అని ఎవరంటారు, అంటే నవ్వరూ? దొర బిడ్డకు లెక్కలు గుర్తుంటాయి. వంటవాడికి ఎన్ని పూటలు వండాడో గుర్తుంటుందా?

కోర్టు సందులో మనీషా దుకాణం తెరిచే ఉంది గానీ కరెంటు లేదు. బయట అరుగు మీద కూర్చున్నాడు. చాయ్ తాగాడు. ఇంకోసారి తాగాడు. తెగిన కాలివేళ్ల మొద్దులు లాగుతున్నాయి, ఎండలోనూ లాగుతాయి అవి. గంటంబావు తర్వాత కరెంటు వచ్చింది. మనీషా ఆ ఒక్క వరుస మార్చి కొత్త బాండు మీద అచ్చు తీసింది. అతను ఇంగ్లీషు అక్షరాల్లో ఆ అంకె ఎక్కడుందో అడిగి మరీ చూసుకున్నాడు.

తిరిగి వెళ్లేసరికి మాధవ రావు గేటు బయట నాలుగు జతల చెప్పులు ఎక్కువున్నాయి. లోపల ఆక్సిజన్ యంత్రం చప్పుడు లేదు. కొడుకు సాకేత్ రావు వరండాలో నిలబడి ఎవరికో ఫోనులో చెబుతున్నాడు, నాన్న పోయి ఇప్పుడే అరగంట అయిందని.

రాజలింగానికి ఏడుపు వచ్చింది. సారు పోయినందుకా, సంతకం పోయినందుకా? ఏది ముందు వచ్చిందో అతనికే తెలియలేదు. తెలియనందుకు సిగ్గేసింది.

ఫోను మోగింది. అఖిల. వెనక కుట్టు మిషన్ల హోరు.

"సంతకమైందా నాయినా?"

"సారు పోయిండు బిడ్డా."

"సంతకం పెట్టినంకనా, ముందుగాలనా?"

అడిగేసింది. అడిగాక ఆ పిల్ల గొంతు కూడా పడిపోయింది.

"ముందుగాలనే" అన్నాడు.

"నువ్వు తిన్నవా?" అంది.

"తిన్న" అన్నాడు. తినలేదు.

సాకేత్ రావు తండ్రి కోటూ మెడళ్ల పెట్టె తెచ్చి మంచం మీద పెట్టాడు. ఏది ఎక్కడ పెట్టాలో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. రాజలింగం చేతులు కడుక్కుని వచ్చి, కోటు మీద ఒక్కొక్కటే వరుసలో గుచ్చాడు. తెల్ల రిబ్బను ఉన్న సియాచిన్ మెడల్ దగ్గరికి వచ్చేసరికి ప్రమీల చెయ్యి అడ్డం పెట్టింది. ఆమె కళ్లు పొడిగా, ఎర్రగా ఉన్నాయి.

"అది నువ్వు తీస్కపో రాజలింగం. మంటల ఏస్తె ఏమొస్తది? ఆయిన నీ ముచ్చట ఎప్పటికీ చెప్పెటోడు. నీ బిడ్డకు సూపెట్టుకో."

అతను మెడల్‌ను అరచేతిలోకి తీసుకున్నాడు. చల్లగా ఉంది. బొటనవేలితో అంచు చుట్టూ తడిమాడు.

"దీని మీద సార్ నంబరున్నది అమ్మా."

"గంత సన్న అక్షరాలు ఎవలు సదువుతరయ్యా?"

"నా బిడ్డ సదువుతది."

మెడల్‌ను కోటుకే గుచ్చాడు. సరిగ్గా దాని చోట, రెండోదానికీ నాలుగోదానికీ నడుమ.

మనుషులు రావడం మొదలైంది. శవాన్ని కిందికి దించాలి, మంచం తీయాలి అన్నారు. రాజలింగం ఒక వైపు పట్టుకున్నాడు. పట్టెకూ గోడకూ మధ్య నుంచి పెన్నూ, మడత పెట్టిన ఆనాటి న్యూస్ పేపరూ జారి పడ్డాయి.

"నువ్వు పోయినంక అడిగి తీస్కున్నడు" అంది ప్రమీల. "చెయ్యి వణుకుతాంది, జర రాసి చూసుకుంట అన్నడు."

రాజలింగం వంగి తీశాడు. కాసేపు చూశాడు. తర్వాత రెండింటినీ కిటికీ గూట్లో పెట్టి, కొత్త కాగితాన్ని చొక్కా లోపలికి తోసుకుని, బస్సుకు నడిచాడు.

పేపరు అంచున ఉన్న తెల్లటి ఖాళీలో మాధవ రావు సంతకం నాలుగుసార్లు ఉంది. మూడు వంకర పోయాయి, నాలుగోది చక్కగా కుదిరింది.