బస్సు, కేయికు, అపాతు

చొక్కాలు ఇస్త్రీ చేస్తున్న మృదులతో భర్త హేమచంద్ ఆ మాట అననే అన్నాడు.

"క్రెష్ వాళ్ళు ఫోన్ చేస్తే నాకివ్వు. నువ్వు 'బస్సు', 'కేకు' అన్నావంటే జాబ్ దేవుడెరుగు, పరువు పోతుంది."

ఐర్లండ్‌లోని ఈ మెయ్‌నూత్‌కి వచ్చినప్పటి నుంచీ ఇదే తంతు. జీపీ డాక్టరు దగ్గర్నుంచి ఫోనొచ్చినా, ఇంటి లీజు గురించి వచ్చినా ఆమె ఎత్తడం, అతను చెయ్యి చాపడం, ఆమె ఇచ్చెయ్యడం. గుంటూరులో బడిపిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి! ఒళ్ళు మండిపోయేది. ఆ మంటతోనే చపాతీలు ఒత్తేది, పిచ్చిది. పక్క ఊరు లీక్స్‌లిప్‌లో పసిపిల్లల్ని చూసుకునే క్రెష్‌లో ఈ ఉద్యోగం కోసం మాత్రం ఆమె ప్రాణం కొట్టుకుపోతోంది.

నిన్న పక్కింటి జీయున్ టీకి పిలిచింది. కొరియా అమ్మాయి, ఇక్కడ యూనివర్సిటీలో చదువుతోంది. మృదుల టీ తాగుతుండగా జీయున్ వాళ్ళమ్మ వీడియో కాల్ చేసింది. ఆ కొరియన్ గలగలల మధ్య "బొసు" అని వినబడింది. మృదుల చెవులు రిక్కించింది. కాసేపటికి "కేయికు". ఆ తర్వాత "అపాతు". అరె, బస్సూ, కేకూనూ! మనలాగే చివర ఒక అచ్చు తగిలించి ఎంచక్కా సొంతం చేసేసుకున్నారే! తల్లీకూతుళ్ళ మొహాల్లో బెరుకన్న మాటే లేదు.

కాల్ అయిపోగానే మృదుల ఉండబట్టలేక ఇంగ్లీషులో అడిగేసింది. "అపాతు అంటే అపార్ట్‌మెంటేనా? అలా అంటే ఎవరూ నవ్వరా?"

"ఎందుకు నవ్వుతారు? అది మా మాట. మా అమ్మమ్మా అలాగే అంటుంది. మీరేమంటారు బస్సుని?"

"బస్సు," అంది మృదుల, సిగ్గుపడకుండా.

జీయున్ కూడా "బస్సు" అని పలికి చూసుకుంది. ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఇంటికొస్తూ మృదుల ఆలోచించింది: ఈ ఊరి బస్సు డ్రైవర్ "బుస్" అంటాడు కదా, ఆయన్నెవరు దిద్దారు? ఇంకెన్ని దేశాలవాళ్ళు ఏమేమంటారో తెలుసుకోవాలని భలే కుతూహలం పుట్టింది.

ఇప్పుడు ఇస్త్రీబల్ల మీద ఫోన్ మోగింది. క్రెష్ నంబరే. అలవాటుగా హేమచంద్ చెయ్యి చాపాడు.

ఆ చేతిలో ఇస్త్రీపెట్టె పిడి పెట్టింది మృదుల.

"చొక్కా మాడుతుంది, చూసుకో," అని ఫోనెత్తింది. రేపు ఇంటర్వ్యూకి ఎలా వస్తారని అడిగారు అవతల.

"బస్సు," అంది మృదుల.