అరవై ఎనిమిది కిలోల అక్క

మడతల పిన్ని మెట్లు వెనక్కి తిరిగి దిగుతోంది. టిఫిను డబ్బా సంచి మెడకు తగిలించుకొని, మెట్ల కమ్మీని రెండు చేతులా పట్టుకొని, నిచ్చెన దిగే సున్నాలవాడిలా ఒక్కో మెట్టూ తడుముకుంటూ వస్తోంది. మూడో అంతస్తు గుమ్మం దాటగానే మామూలుగా దిగబోతే తొడలు రెండూ మొండికేశాయి. వెనక్కి తిరిగితే కాని కదలమన్నాయి.

రెండో అంతస్తులో తలుపుకు తాళం వేస్తున్న గుమాస్తాగారు ఆగి చూశాడు.

"ఏమండీ, పైకి వెళ్తున్నారా, కిందికి వెళ్తున్నారా?"

"మొహం చూస్తే పైకి, కాళ్ళు చూస్తే కిందికి. మీకెలా తోస్తే అలా అనుకోండి."

ఆయన నవ్వి, గోడకు అంటుకొని దారి ఇచ్చాడు. ఆమెకు మాత్రం నవ్వు రాలేదు. సాయంత్రం అయిదింటికి తమ్ముడు వస్తాడు. వాడి కళ్ళ ముందు, ఎవరి సాయమూ లేకుండా, కాలూ చెయ్యీ పడిపోయిన అక్కను మంచం మీంచి లేపి కుర్చీలో కూర్చోబెట్టాలి. కూర్చోబెడితే అక్క ఇంట్లోనే ఉంటుంది. లేకపోతే సోమవారం పొద్దున ఊరి చివర ఉన్న వృద్ధుల హోముకు వెళ్తుంది. ఒప్పందం అది. ఇవాళ్టి దాకా అక్కను లేపుతూ వచ్చిన ఆయమ్మ, కూతురి పురుడు పోయడానికి ఈ సాయంత్రమే బస్సెక్కుతోంది. ఇక తిరిగి రానని చెప్పేసింది. నెల రోజులు వెతికితే నలుగురు వచ్చారు. నలుగురూ మంచం మీద అక్కను ఒకసారి, మూడంతస్తుల మెట్లను ఒకసారి చూసి, కబురు చేస్తామని వెళ్ళిపోయారు. సోమవారం నుంచి పిన్నికి లాండ్రీలో సగం పూటే పని. ఆ నాలుగు గంటలూ తోడు కూర్చుంటానని పక్కింటి పెద్దావిడ ఒప్పుకుంది. కబుర్లు చెబుతుంది, మంచినీళ్ళిస్తుంది. లేపమంటే మాత్రం ముందు ఆవిడనే ఎవరైనా లేపాలి.

తమ్ముడు చెడ్డవాడేమీ కాదు. "నీ నడుం కూడా పడిపోతే ఇద్దర్నీ ఎవరు చూస్తారు చిన్నక్కా?" అన్నాడు.  అందుకే పిన్ని, యాభై ఎనిమిదేళ్ళ వయసులో, పన్నెండు రోజుల కిందట, సైకిళ్ళ కొట్టు మీదున్న వ్యాయామశాల మెట్లెక్కింది.

పన్నెండు రోజుల్లో ఆమె నొప్పి రాకా పోకా రెండూ చూసింది. మొదటి రోజు ఏమీ అనిపించలేదు. ఇంతేనా అనుకుంది. మర్నాడు లేచి జడ వేసుకోబోతే చేతులు చెవుల దాకా వచ్చి ఆగిపోయాయి. ఆ వారం చివరికి నొప్పి తగ్గింది. అద్దంలో కనబడేంత మార్పేమీ లేకపోయినా, నీళ్ళ బిందె కొంచెం తేలికైనట్టు తోచింది. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. మొన్న, పరీక్షకు రెండే రోజులున్నాయని కంగారు పుట్టింది. అక్కడ కసరత్తు నేర్పే మాస్టరమ్మ చెప్పిన ముప్పై గుంజీళ్ళూ అయ్యాక, అందరూ వెళ్ళేదాకా ఆగి, చేతిలో బరువుతో ఇంకో ముప్పై తీసింది. చిన్నప్పుడు తప్పు చేస్తే తీయించేవాళ్ళు. ఇప్పుడు తీయడమే తప్పయింది.

హాస్పిటల్ లాండ్రీ గది పొద్దున్నే ఆవిరితో నిండి ఉంది. యంత్రం కక్కిన దుప్పట్లు బల్ల మీద వెచ్చగా గుట్టపడి ఉన్నాయి. ఇరవై ఆరేళ్ళుగా ఆమె పని ఆ గుట్టను మడిచి తగ్గించడం; మడతల పిన్ని అన్న పేరు అక్కడిదే. పెద్ద దుప్పటికి ఇద్దరు కావాలి. చెరో రెండు కొసలూ పట్టుకొని, తల మీదికి ఎత్తి, ఒక్క దులుపు దులిపి, దగ్గరికి నడిచి కొసలు కలపాలి. ఆమె జంట మనిషిని లాండ్రీలో అందరూ రేడియో అంటారు. నోరు మూతపడదని.

"ఎత్తు పిన్నీ, ఎత్తు! దుప్పటి నేల ఊడుస్తోంది."

"ఎత్తాను కదే."

"ఇదా ఎత్తడం? దొంగలు కత్తి చూపించి చేతులెత్తమన్నా నువ్వు ఇంతే ఎత్తుతావు. చంపేసి పోతారు."

పక్క బల్ల దగ్గరి ఆడవాళ్ళు పకపకలాడారు. రేడియో మాత్రం దుప్పటి మడతతో దగ్గరికి వచ్చినప్పుడు గొంతు తగ్గించింది. "ఇవాళే కదూ?"

"ఇవాళే."

"మా మరిదికి చెబుతా. పక్కన నిలబడి ఒక చెయ్యి వేస్తాడు. మీ తమ్ముడు కిటికీలోంచి బయటికి చూస్తున్నప్పుడు..."

"వద్దులేవే. రోజూ మీ మరిదిని ఎక్కడ తెచ్చేది?"

 రేడియో ఆ తర్వాత వచ్చిన ప్రతి దుప్పటినీ తల దాకా కాకుండా రొమ్ము దాకానే ఎత్తింది. అలా ఎత్తితే రేడియో నడుం వంచాల్సి వస్తుంది. అయినా రెండింటి దాకా అలాగే ఎత్తింది.

పని దిగాక పిన్ని వ్యాయామశాలకు వెళ్ళింది. రెండు నుంచి నాలుగు దాకా అక్కడ ఆడవాళ్ళ వేళ. మాస్టరమ్మ ఇద్దరు పిల్లల తల్లి, తలుపంత మనిషి. పిన్ని గుమ్మంలోకి కాలు ఈడ్చుకుంటూ రావడం చూడగానే చేతిలోని బరువుల ఇనప బిళ్ళ కింద పెట్టేసింది.

"మొన్న నేను వెళ్ళాక ఏం చేశారు?"

"ఏం లేదమ్మా. కొంచెం..."

"కొంచెం అంటే?"

"ముప్పై."

 మాస్టరమ్మ దగ్గరికి వచ్చి, మోకాళ్ళలో పొడిచినట్టుందా అని అడిగింది. లేదు, తొడల నిండా బండ పెట్టినట్టుంది. ఒక కాలికా, రెండు కాళ్ళకా? రెండింటికీ సమానంగానే. మూత్రం రంగు మారిందా? పిన్ని నలుగురూ వింటున్నారేమోనని చుట్టూ చూసి, లేదన్నట్టు తలూపింది.

"బతికించారు. కండ మరీ చితికితే మూత్రం నల్లబడుతుంది. విత్తనం వేసి మర్నాడే తవ్వి చూస్తే మొలుస్తుందా అమ్మా? బరువెత్తినప్పుడు కండ నలుగుతుంది, అంతే. అది గట్టిపడేది మీరు తిని పడుకున్నాక. మీరు దాన్ని పడుకోనిచ్చారా?"

"అయితే ఇవాళ చేతకాదంటారా?"

"అలా అన్నానా? కూర్చుంటే బిగుసుకుపోతారు. నడవండి. ఈ గదిలో ఇటూ అటూ నడవండి. చేతులు ఊపండి. బరువు ముట్టుకుంటే ఊరుకోను."

పిన్ని నడిచింది. తోటివాళ్ళు ఇనుము ఎత్తి దించుతుంటే వాళ్ళ మధ్యనుంచి వట్టి చేతులు ఊపుకుంటూ, పెళ్ళివారింట్లో పని దొరకని మనిషిలా ఇరవై నిమిషాలు నడిచింది. పదో నిమిషానికి తొడల్లో బండ కాస్త వేడెక్కింది. పదిహేనో నిమిషానికి మెత్తబడింది. నొప్పి పోలేదు, కాని పక్కకు జరిగి దారి ఇచ్చింది. ఇంటికి వెళ్ళేటప్పుడు సైకిళ్ళ కొట్టు మెట్లు ముందుకు తిరిగే దిగింది.

అక్క కుట్టుపని మనిషి. పిన్నికి పెళ్ళయిన మూడో ఏడు భర్త పోయినప్పుడు, రెండు నెలలుండి వెళ్తానని కుట్టుమిషను రిక్షాలో వేయించుకొని వచ్చింది. ముప్పై ఏళ్ళు ఉండిపోయింది. ఆ రెండు నెలలూ అయిపోయాయని ఇద్దరిలో ఎవరూ ఎప్పుడూ పైకి అనలేదు. పిన్నికి మాత్రం లోపల ఆ భయం ఉండేది. అక్క సంతకు వెళ్ళినా వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూసేది. ఎవరు వెళ్ళినా అంతే. చూడకుండా పోనిస్తే తిరిగి రారని ఒక పిచ్చి నమ్మకం. భర్త ప్రాణం పోయినప్పుడు ఆమె నీళ్ళు పట్టడానికి వెళ్ళి ఉంది.

పక్షవాతం వచ్చి ఏడాదిన్నర. అక్కకు ఎడమ చెయ్యి, ఎడమ కాలు మాట వినవు. నోటికి అయిదారు మాటలకన్నా ఎక్కువ ఒకేసారి రావు. బరువు అరవై ఎనిమిది కిలోలు.

తమ్ముడు అయిదు కొట్టకముందే వచ్చి కిటికీ పక్కన నిలబడ్డాడు. ఆయమ్మ అప్పటికే బట్టల సంచి సర్దుకొని గుమ్మం దగ్గర పెట్టుకుంది. ఆరింటికి బస్సు. కుర్చీ తెచ్చి మంచానికి అక్క కుడివైపు వేసి, చేతులు వెనక్కి కట్టుకొని నిలబడింది.

పిన్ని అక్క కాళ్ళు నేలకు ఆనించింది. మోకాళ్ళు వంచి, అక్క చంకల కింద చేతులు పోనిచ్చి, ఊపిరి బిగబట్టి ఎత్తింది. అక్క జానెడు లేచింది. తొడల్లో నిప్పు రాజుకుంది.  ఇద్దరూ కలిసి మంచం మీద కూలబడ్డారు. మంచం కిర్రుమంది.

 అంతలో అక్క భుజాలు కదలసాగాయి. ఏడుస్తోందేమోనని పిన్ని వంగి మొహంలోకి చూసింది. అక్క నవ్వుతోంది.

"బస్తా... అనుకున్నావా... పిల్లా?"

"చాల్లే చిన్నక్కా," అన్నాడు తమ్ముడు మెల్లగా. "నీ ప్రయత్నం నువ్వు చేశావు. ఎవరూ నిన్ను..."

"ఒక్క నిమిషం ఆగండి బాబూ," అంది ఆయమ్మ. చేతులు వెనకే ఉన్నాయి, మాట మాత్రం ముందుకు వచ్చింది. "చిన్నమ్మగారూ, మీరు ఎత్తుతున్నారు. ఎత్తకండి. పెద్దమ్మగారు లేస్తారు. ఆ కుడికాలు ఉంది చూశారూ, అది మీ రెండు కాళ్ళకన్నా గట్టిది. ఆవిడ ముక్కు ఆవిడ కాలివేళ్ళ మీదికి వచ్చేదాకా మీరు ఆగాలి. అప్పుడు బరువు దానంతటది మీ మీదికి వస్తుంది. వచ్చినదాన్ని మొయ్యండి చాలు."

పన్నెండు రోజులుగా పిన్ని కలలో కూడా అరవై ఎనిమిది కిలోలనే ఎత్తింది. అందులో అక్క కాలు ఒకటి ఉందని ఆమెకు తోచనే లేదు. ఇప్పుడు అక్క మొహంలోకి చూసింది.

"లేస్తావా?"

"నువ్వు... ఆగు."

ఆగింది. అక్క ముందుకు వంగింది. ఇంకా వంగింది. నెరిసిన జుట్టు పిన్ని గడ్డానికి తగిలింది. కొబ్బరినూనె వాసన. "ఊఁ," అంది అక్క. కుడికాలు నేలను తన్నింది. ఆ బరువు మీదికి రాగానే పిన్ని తొడలు అరిచాయి. అరిచినా నిలబడ్డాయి. పిన్ని తన మోకాలిని అక్క ఎడమ మోకాలికి అడ్డుపెట్టింది. ఇద్దరూ నిలబడ్డారు. ఏడాదిన్నర తర్వాత ఒకరి మొహం ఒకరికి నిలువునా ఎదురుగా ఉంది. అక్క తనకన్నా బెత్తెడు పొడుగన్న సంగతి పిన్ని మరిచిపోయింది. తర్వాత చిన్న చిన్న అడుగులతో, గుండ్రంగా తిరిగి, అక్క కుర్చీలో కూర్చుంది.

తమ్ముడు కిటికీ దగ్గరనుంచి కదిలాడు. "మళ్ళీ మంచం మీదికి?"

పిన్ని మళ్ళీ మంచం మీదికి చేర్చింది. మళ్ళీ కుర్చీలోకి. రెండోసారికి చెమట కళ్ళలో పడింది, కాని ఊపిరి బిగబట్టలేదు.

"సరే," అన్నాడు తమ్ముడు. ముక్కు ఎగబీల్చి ఇంకోసారి, "సరే. హోము వాళ్ళకు వద్దని ఇప్పుడే ఫోన్ చేస్తా. రేపు నా కాలు విరిగినా నీ దగ్గరికే వస్తా."

"నువ్వెంత?"

"ఎనభై రెండు కిలోలు."

"ఇంకో ఆర్నెల్లాగి విరగ్గొట్టుకో."

అక్క మళ్ళీ భుజాలు కదిలించింది. తమ్ముడు ఫోను పట్టుకొని వసారాలోకి వెళ్ళాడు. పిన్ని అక్క కొంగు సర్ది, వెనక దిండు పెట్టి, జారిన జుట్టు చెవి వెనక్కి తోసింది. నీళ్ళు తాగించింది. ఆయమ్మకు ఏదో చెప్పాలని, ఏం చెప్పాలో కూడా తెలియకుండానే వెనక్కి తిరిగింది.

గుమ్మం దగ్గర సంచి లేదు. చెప్పులు లేవు.

వసారాలోకి వెళ్ళి చూసేసరికి వీధిలో ఎవరెవరో నడుస్తున్నారు, ఆయమ్మ మాత్రం లేదు. మలుపు దగ్గర బస్సు ఒకటి పొగ వదిలి కదిలిపోయింది. అదే బస్సో కాదో. పిన్ని కటకటాలు పట్టుకొని నిలబడింది. భయం వస్తుందేమోనని చూసింది. వచ్చింది, కాని ఎప్పటిలా అక్కడే నిలబెట్టెయ్యలేదు. లోపలనుంచి అక్క పిలిచింది.

"పిల్లా... చెప్పు."

అక్క కుడికాలి చెప్పు ఆ హడావిడిలో ఊడి మంచం కిందికి పోయింది. పిన్ని అమ్మో అయ్యో అనుకుంటూ, తొడలను బతిమాలుకుంటూ మోకాళ్ళ మీదికి దిగింది. చెప్పు అందింది. దాని వెనక, గోడకు ఆనించి, చేతికి మెత్తగా ఇంకేదో తగిలింది. లాగి చూసింది. చిరిగిన దుప్పటిని ఎనిమిది మడతలు వేసి, చుట్టూ తెల్లదారంతో కుట్టిన చిన్న మెత్త. రోజుకు నాలుగుసార్లు అక్క కాళ్ళకు చెప్పులు తొడగడానికి, విప్పడానికి నేల మీద మోకరిల్లే ఆయమ్మ, ఏడాదిన్నరలో ఒక్కనాడూ నొప్పి అన్న మాట అనలేదు.

మెత్త మీద మోకాళ్ళ గుంటలు రెండు, దగ్గర దగ్గరగా, పిన్ని మోకాళ్ళకన్నా కొంచెం చిన్నవి.