రెండు చేతుల్ని కోసిన కత్తిపీట

నేనొక కత్తిపీటను. కింద చెక్క పీట, దాని మీద నిలబెట్టిన వంపు కత్తి, అంతే నా ఒళ్లు. తరిగేవాళ్లు పీట మీద ఒక కాలు మోపి కూర్చుంటారు. కూరగాయే నా దగ్గరికి వస్తుంది కానీ నేను ఎవరి దగ్గరికీ వెళ్లను. ఈ సంగతి ముందే చెప్పుకోవడం మంచిది, ఎందుకంటే తర్వాత ఊళ్లో నేనేదో పగబట్టి కోసినట్టు మాట్లాడారు.

నా కత్తి ఒకప్పుడు లారీ కింద బరువు మోసే కమాను పట్టా. తుని దగ్గర ఒక కమ్మరి దాన్ని కొలిమిలో కాల్చి, సాగగొట్టి, వంపు తిప్పాడు. సంతలో నన్ను కొన్న ముసలమ్మ అంచు మీద గోరు పెట్టి చూసి, "పనిమంతురాలే" అంది. ఆమె పోయాక కోడలు లోవతల్లికి వచ్చాను. లోవతల్లి ఊరి బళ్లో మధ్యాహ్న భోజనం వండేది. బళ్లో సరైన కత్తి లేక నన్నే తీసుకెళ్లింది.

అక్కడ వంటకి ఇద్దరు. లోవతల్లి తరిగేది, నూకరత్నం వండేది. నూకరత్నం మొగుడు లారీల మీద తిరిగి తిరిగి ఎయిడ్స్‌తో పోయాడు. ఆమెకీ హెచ్‌ఐవీ ఉందని ఊరందరికీ తెలుసు. నెలనెలా పెద్దాసుపత్రికి వెళ్లి మందులు తెచ్చుకుంటుంది, రోజూ ఒకే వేళకి మాత్ర వేసుకుంటుంది. ఆమె వండిన పప్పు నాలుగేళ్లు పిల్లలంతా తిన్నారు, పెద్దవాళ్లు కూడా గిన్నెలో పట్టుకెళ్లారు. పప్పు బాగుండేది మరి. భయపడటానికి కూడా మనుషులకి ఏదో ఒక సందర్భం దొరకాలి.

ఆ సందర్భం నా వల్లే వచ్చింది. ఒక సోమవారం లోవతల్లి చుట్టాల పెళ్లికి వెళ్తే నూకరత్నమే వంకాయలు తరిగింది. పొయ్యి మీద పప్పు పొంగుతోందని తల తిప్పింది. చూపుడువేలు తెగింది. ఆమె కంగారు పడలేదు. కుళాయి కింద వేలు పెట్టి సబ్బుతో కడుక్కుని, ఉతికిన గుడ్డ కట్టుకుంది. తరిగిన వంకాయలన్నీ గోతిలో పారేసింది. నన్ను వేణ్ణీళ్లతో రెండుసార్లు తోమి ఎండలో పెట్టింది. నాలుగు రోజుల్లో ఆ వేలు మానిపోయింది.

గేటు దగ్గర నిలబడ్డ బేబీ ఇదంతా చూసింది. ఆమె కూతురు మూడో తరగతి. చెడ్డమనిషి కాదు, బిడ్డ గురించి భయపడింది. "ఆవిడ నెత్తురు కత్తిపీట మీద పడింది. దాంతోనే తరిగి మా పిల్లలకి పెడతారా?" అని నలుగురినీ అడిగింది. సాయంత్రానికి ఆ చుక్క గ్లాసుడైంది, పప్పులో కూడా పడింది. మర్నాడు సగం కంచాలు రాలేదు. హెడ్మాస్టరు సోమశేఖరం గారు నూకరత్నం ముఖం వైపు చూడకుండా, "కొన్నాళ్లు ఇంటిపట్టున ఉండమ్మా" అన్నారు. శుక్రవారం లోవతల్లిని పిలిచి నన్ను కాలవలో పారేయమన్నారు.

లోవతల్లి నన్ను దాణా సంచిలో చుట్టబోయింది. మట్టీ పేడా అంటిన పాత సంచి అది. భయంతో పట్టుకుంటే చెయ్యి జారుతుంది. బొటనవేలి మొదట్లో చిన్న గాటు పడింది. ఆమె ఆ గాటుని చూసింది, నన్ను చూసింది, చుట్టూ ఎవరైనా ఉన్నారేమో చూసింది. కాలవ దాకా నడిచిందే కానీ అత్తగారి వస్తువుని విసరలేకపోయింది. ఇంటికి తెచ్చి మంచం కిందికి తోసేసింది. అక్కణ్ణుంచి అంతా కనబడేది నాకు.

కడిగితే నెత్తురు కారి అందరికీ తెలుస్తుందని ఆమె గాయాన్ని కడగలేదు. కాఫీ పొడి అద్ది, పసుపు మెత్తి, పాత చీర పేలిక బిగించింది. తన కంచం వేరు చేసుకుంది. ఏడేళ్ల కూతురు ఒళ్లోకి వస్తే దూరంగా నెట్టింది. ఆ పిల్ల ఏం తప్పు చేశానా అని గుమ్మంలో కూర్చుని ఆలోచించేది.

"సెయ్యి అలా దాస్తన్నావేటే?" అన్నాడు మొగుడు సూరిబాబు.

"ముల్లు గుచ్చుకుంది."

"మూలుగుతున్నావు కదా. ఆసుపత్రికెళ్దాం పద."

"ఒద్దు. నెత్తురు తీసి చూస్తారు."

"చూస్తే ఏటవుద్ది?"

ఆమె గోడ వైపు తిరిగిపోయింది.

ఐదో రోజుకి చెయ్యి ఉబ్బి నున్నగా మెరిసింది. గాయం నుంచి మోచేతి దాకా ఒక ఎర్రటి గీత పాకింది. ఒళ్లు కాలిపోతోంది. బళ్లో వంట ఆగిపోయిందని విని నూకరత్నం వచ్చింది. ఊరు తనని వద్దన్నాక ఎవరింటికీ వెళ్లని మనిషి గుమ్మం దగ్గరే ఆగింది.

"లోపలికి రానా, ఒద్దా?"

"రా అక్కా. ఇప్పుడు నాకూ నీకూ ఒకటే జబ్బు," అంది లోవతల్లి.

నూకరత్నం పేలిక విప్పింది. వాసనకి ఒక్క క్షణం ముఖం పక్కకి తిప్పుకుంది. లోవతల్లి మంచం కింద ఉన్న నన్ను చూపించి, జరిగింది చెప్పి ఏడ్చింది.

"పిచ్చిమొకమా. నేను దాన్ని తోమి ఎండలో పెట్టి నాలుగు రోజులయ్యాక కదే నీకు తెగింది? దాని మీద ఇంకేం బతికుంటాది? నాకు డాట్రు బాబు ఎన్నిసార్లు సెప్పాడో. ఒకే కంచంలో తింటే రాదు, పక్కన కూకుంటే రాదు. నువ్వు సచ్చేది నా జబ్బుతో కాదు, ఈ సీముతో. సూరిబాబూ, ఆటో పిలు."

ఆసుపత్రిలో ఆరు రోజులు ఉంచారు. చీము తీశారు, ధనుర్వాతం సూది వేశారు. ఇంకొక్క రోజు ఆలస్యమైతే చెయ్యి దక్కేది కాదన్నారట. ప్రాణమూ చెయ్యీ దక్కాయి కానీ బొటనవేలు ఇక వంగదు.

ఈలోగా ఊరు తన లెక్క తాను తేల్చేసింది. నూకరత్నం నెత్తురు లోవతల్లికి అంటుకుందనీ, మేం ముందే చెప్పాం కదా అనీ అనుకున్నారు. లోవతల్లి ఊరుకుంటే ఆ మాటే నిలిచిపోయేది, నూకరత్నానికి ఆ బడి గుమ్మం శాశ్వతంగా మూసుకుపోయేది. నోరు విప్పితే తన పిరికితనమంతా బయటపెట్టుకోవాలి. రెండు రోజులు మంచం మీద కూర్చుని తన చేతినే చూసుకుంది. మూడో రోజు నన్ను ఎడమ చేత్తో పట్టుకుని బడికి నడిచింది.

తల్లులంతా గేటు దగ్గర ఉన్నారు. ఆమె కట్టు విప్పి చెయ్యి చాపింది.

"ఇది రత్నమక్క జబ్బు కాదు. మురికి సంచిలో సెయ్యెట్టి కోసుకున్నాను, గాయం కడుక్కోకుండా కాఫీ పొడి కుక్కాను, ఎవరికీ సెప్పకుండా దాసుకున్నాను. ఆ జబ్బు నీకు రాలేదమ్మా, ఆ కత్తితో రాదు కూడా అని డాట్రుగారు సెప్పారు. నన్ను ఆసుపత్రికి మోసుకెళ్లింది రత్నమక్కే."

"డాట్ర్లు అలాగే సెప్తారులే," అంది వెనక నుంచి ఒకావిడ.

"నీకంటే నాకే ఎక్కువ బయమేసింది పిన్నీ. ఆ బయమే ఈ ఏలు తినేసింది."

హెడ్మాస్టరు గారు కళ్లజోడు తుడుచుకున్నారు, చాలాసేపు తుడుచుకున్నారు. తర్వాత, "రేపటి నుంచి నూకరత్నాన్ని రమ్మను," అన్నారు.

మర్నాడు లోవతల్లి పొయ్యి దగ్గరికి మారింది. నూకరత్నం పీట మీద కాలు మోపి సొరకాయ తరిగింది, తల ఎటూ తిప్పకుండా. నలభై ఇద్దరు పిల్లలకి పదిహేడు కంచాలే వచ్చాయి. బేబీ కూతురు కంచం పట్టుకుని వరస చివర కూర్చుంది. బేబీ గేటు ఊచ పట్టుకుని బయటే నిలబడింది. నూకరత్నం గరిటెతో ఒక్కో కంచంలో పప్పు వడ్డిస్తూ ఆ పిల్ల వైపు వస్తోంది. బేబీ కూతుర్ని వెనక్కి పిలవనూ లేదు, గేటు వదలనూ లేదు.