ఖర్జూరం నమిలే నోరు

దుబాయ్ పక్కన రాస్ అల్ ఖైమాలో క్వారీ టిప్పర్ తోలే ఖాసింను ఏ ఇంట్లోనూ పిలిచి కుర్చీ వేసింది లేదు. సొంత చెల్లెలు గౌసియా ఇంట్లోనూ అంతే. ఆమె మొగుడు కలీం ఆఫీసు మనిషి. దుమ్ము కొట్టుకున్న ఖాసిం సోఫాలో కూర్చుంటే ముఖం చిట్లిస్తాడు. అలాంటివాడు, ఖాసిం మక్కాలో ఉమ్రా చేసుకుని బస్సు దిగీ దిగకముందే ఫోన్ చేశాడు.

"బావా, నేరుగా ఇంటికే రా. బిడ్డకు ఘుట్టీ నువ్వే పెట్టాల."

ఏళ్ల తరబడి దర్గాలు తిరిగి, మందులు మింగి, చివరికి గౌసియా కన్న బిడ్డ. ఆసుపత్రిలో నర్సులు వాడి నోట్లో ఏదీ పెట్టనివ్వలేదు. అదీ మంచికేలే, మక్కా నుంచి వచ్చే మేనమామే ఖర్జూరం నమిలి, ఆ గుజ్జు వేలితో అంగిట్లో రాస్తాడని ఆ ఘుట్టీ ఆపి ఉంచారు.

ఖాసింకు లిఫ్టులో కాలు నిలవలేదు. ఒళ్లు పెనంలా కాలుతోంది. మక్కాలో ఇసకేస్తే రాలనంత జనం, ఒకడి దగ్గు ఇంకొకడి మెడ మీద. తిరుగు బస్సులో కిటికీ తెరవని ఏసీ. ముందు సీటు ముసలాయన దగ్గి దగ్గి, బోర్డరు దాటాక ఊపిరాడక ఆసుపత్రి పాలయ్యాడు. పక్క సీటు సనావుల్లా, ఇదే వీధిలో మంగలి, దిగేటప్పుడూ దగ్గుతూనే ఉన్నాడు. పుణ్యం ఎవడిది వాడికే. రోగాన్ని మాత్రం బస్సంతా సమానంగా పంచుకుంది.

చెబుదామా? చెబితే మళ్లీ ఈ గుమ్మం ఎవడు ఎక్కనిస్తాడు? ఖాసిం రెండు పనడాల్ జ్వరం బిళ్లలు మింగి బెల్లు కొట్టాడు.

కలీం తన చేత్తో కుర్చీ వేశాడు. గౌసియా ఖర్జూరం అందించింది. ఖాసిం నమిలాడు. బిడ్డను ముందుకు తెచ్చారు. పిట్ట పిల్లలా వాడు నోరు తెరిచాడు.

ఖాసిం నోట్లోది గుటుక్కున మింగేశాడు.

"లోపలికి తీసుకుపో గౌసియా. నాకు జ్వరం."

"అల్లా ఇంటి నుంచి జ్వరం తెచ్చుకుంటారా ఎవరన్నా?" కలీం నవ్వాడు. "జమ్ జమ్ నీళ్లు తాగొచ్చినావు గదా బావా!"

"బస్సులో ముసలాయనా తాగినాడు. ఇప్పుడు ఆక్సిజన్ మీద ఉన్నాడు."

గౌసియా బిడ్డను పొదువుకుంది. కళ్లలో నీళ్లు. "నా పెండ్లిలో నీకు మర్యాద జరగలేదని ఇన్నేండ్లూ కడుపులో పెట్టుకున్నావా అన్నా? కక్ష తీర్చుకునేదానికి నా బిడ్డే దొరికినాడా?"

"అది కాదు తల్లీ..."

"వదిలెయ్ గౌసియా. బతిమాలేదేంది ఈయన్ను?" కలీం అప్పటికే ఫోన్ చెవిన పెట్టాడు. "సనావుల్లా కూడా అదే బస్సులో వచ్చినాడు. ఆయన్ను పిలుస్తా."

ఖాసింను గడప దాటించి, ముఖం మీదే తలుపు వేశాడు.

వరండాలో అటూ ఇటూ తిరిగాడు. తలుపు కొట్టాడు, తీయలేదు. మెట్ల దాకా పోయాడు, మళ్లీ లిఫ్టు ముందుకొచ్చాడు. అది తెరుచుకుంది. కొత్త టోపీ, అత్తరు, చేతిలో ఖర్జూరం డబ్బా. సనావుల్లా.

"నువ్వుండంగా నన్ను పిలిచినారేంది భాయ్?" అని దగ్గాడు.

ఖాసిం అతని మణికట్టు పట్టుకున్నాడు. కాలిపోతోంది. "ఇద్దరం ఒకే పొయ్యిలో కట్టెలం. వెనక్కి పో."

"మర్యాదగా పిలిచినారయ్యా. ఇన్నేండ్లు ఆయన గడ్డం గీకినా, ఒక్కనాడు టీ తాగమని అన్నాడా?"

"నన్నూ అనలేదు. పుట్టి వారం కాని బిడ్డ సనావుల్లా. నీకూ నాకూ దగ్గేదానికైనా బలముంది, వానికి అదీ లేదు."

తలుపు తెరుచుకుంది. "రండి భాయ్," అని గౌసియా బిడ్డతో గడపలోకి వచ్చింది. సనావుల్లా వాడి వంక చూశాడు. పొడుచుకొస్తున్న దగ్గును బిగపట్టాడు, కళ్లు ఎర్రబడ్డాయి. డబ్బాతో సహా రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"నాకూ ఒంట్లో బాగలేదమ్మా."

"ఇద్దరూ కూడబలుక్కున్నారా?" కలీం వెనక నుంచి అరిచాడు. "ఉమ్రాకు పోయొస్తే కొమ్ములు మొలుస్తాయా?" తలుపు ధడేలుమంది. లోపల బిడ్డ ఉలిక్కిపడి గుక్కపట్టి ఏడ్చాడు.

ఆ ఏడుపు మధ్యలోంచే కలీం గొంతు, ఫోన్‌లో ఇంకెవరితోనో: "అస్సలాము అలైకుం భాయ్, ఆ బస్సులో మీరు కూడా..."

"పద భాయ్, ఆసుపత్రికి పోదాం," అన్నాడు సనావుల్లా.

"నువ్వు పో," అని ఖాసిం లిఫ్టుకు ఎదురుగా, నడిదారిలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.