మౌనం పక్కన ఎవరున్నారు

గోధుమలు ఉడికాక నీళ్ళు వార్చేసి, తెల్ల దుప్పటి మీద పలచగా పరిచి, గింజకి గింజ అంటకుండా ఆరేదాకా చేత్తో కదుపుతూ ఉండాలి. కొంచెం తడి మిగిలినా పులిసిపోతాయి. పోయినవాళ్ళ పేరు మీద పెట్టేవి పులిస్తే ఊరంతా కోడలినే అంటుంది. మామగారు పోయిన ఈ ఐదేళ్ళలో, నలభయ్యో రోజు మొదలుకొని ప్రతి సంవత్సరీకానికీ ఈ గోధుమలు నేనే ఉడికించాను. ఆయన కన్నకొడుక్కి వీటిలో బాదంపప్పు ముందు కలుపుతారో పంచదార ముందు చల్లుతారో ఇప్పటికీ తెలియదు.

ఆ కొడుకు, అంటే మా ఆయన ఆర్గిరిస్, వంటింటి గుమ్మంలో నిలబడి ఆపిల్ కొరుకుతూ, "రేపు నువ్వుంటే మాకు నిశ్చింత, స్మారో. తవ్వడం నీకు రోజూ ఉండే పనేగా" అన్నాడు.

రేపు గురువారం. ఐదేళ్ళు నిండాయి కాబట్టి ఊరి శ్మశానంలో మామగారి సమాధి తెరిచి, ఎముకలు తీసి, ఎర్ర వైనుతో కడిగి, పెట్టెలో సర్ది, చర్చి పక్కనున్న అస్థికల గదిలో పెట్టాలి. అది ఆడవాళ్ళ పని. ఇకపోతే నేను రోజూ తవ్వను. ఉత్తర గ్రీసులో మా కొజానీ పట్నం బయట పురావస్తు తవ్వకాల గోదాములో తొమ్మిదేళ్ళుగా కుండపెంకులు కడుగుతున్నాను, ఆరబెడుతున్నాను, వాటి మీద సన్నటి కలంతో నంబర్లు వేస్తున్నాను. తేడా ఎన్నిసార్లు చెప్పానో. మా పెళ్ళిరోజు విందులో ఆర్గిరిస్ స్నేహితులందరి ముందూ, "మా ఆవిడ అక్కడా గిన్నెలే కడుగుతుంది, ఇక్కడా గిన్నెలే కడుగుతుంది, అక్కడివి కాస్త పాతవి, అంతే" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నోట్లో నాలుక లేని మనిషినని నాకు మంచి పేరు.

నా దిగులు గోధుమల గురించి కాదు. ఎల్లుండి మధ్యాహ్నం పన్నెండు లోపల థెస్సలోనికి విశ్వవిద్యాలయంలో నా దరఖాస్తు అందాలి. పురావస్తు శాస్త్రం, మానవశాస్త్రం కలిసిన రెండేళ్ళ పై చదువు. దరఖాస్తుతో పాటు రెండు పేజీలు రాయమన్నారు, మానవశాస్త్రాన్ని మీరు చూసే తీరుని ఏ చదువులు మలిచాయి అని. రాశాను. రాసి నాలుగు మడతలు పెట్టి పప్పు డబ్బాలో దాచాను, ఆ డబ్బా నేను తప్ప ఎవరూ తెరవరు కాబట్టి. మొన్న తీసి చూస్తే ఆ కాగితాలు ఒక ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఉన్నాయి. నేనే చుట్టి మర్చిపోయుంటాననుకున్నాను. ఈమధ్య భయంతో ఏం చేస్తున్నానో నాకే తెలియడం లేదు.

ఆర్గిరిస్‌కి చెప్పలేదు. ఇంతకుముందు రెండుసార్లు చెప్పాను. మొదటిసారి, పాప కాస్త పెద్దదవనీ అన్నాడు. రెండోసారి, అమ్మ మోకాలు కుదుటపడనీ అన్నాడు. కాదని మాత్రం ఎప్పుడూ అనలేదు, దానికి ఆయన్ని మెచ్చుకోవాలట. అత్తయ్య అయితే సూటి మనిషి. మామగారు పోయినప్పటి నుంచీ మా దగ్గరే ఉంటోంది. నా చేతిలో పుస్తకం కనిపిస్తే చాలు, "కూర మాడుతోంది" అంటుంది, పొయ్యి మీద కూర ఉన్నా లేకపోయినా. నాకు నలభై ఒకటి నిండాయి. ఈసారి తప్పిపోతే మళ్ళీ అడిగే ధైర్యం నాలో మిగులుతుందని నాకు నమ్మకం లేదు.

ఆ రెండు పేజీలూ రెండు పుస్తకాల మీద నిలబెట్టాను. ఒకటి గోదాములో అట్ట ఊడి పడున్న తవ్వకాల చేతిపుస్తకం. అందులో ఒక నియమం నాకు కంఠతా వచ్చు. ఏ పొరలో, దేని పక్కన దొరికిందో రాయని వస్తువు గురించి ఒక్క మాట కూడా చెప్పొద్దు, అది ఎంత అందంగా ఉన్నా సరే. రెండోది మా అత్తవారి ఊరి గురించే ఒక విదేశీ పండితుడు రాసిన పుస్తకం. నలభై ఏళ్ళ కిందట రెండు వేసవులు మా మామగారింట్లోనే ఉండి రాశాడు. ఊరి పేరు మార్చాడు కానీ పొయ్యి, మెట్లు, కిటికీలోంచి కనిపించే కొండ, అన్నీ అవే. మొదటి పేజీలో మామగారికి కృతజ్ఞతలు చెప్పాడు, నా మిత్రుడూ గురువూ అని. మూడో అధ్యాయమంతా ఎముకలు కడగడం గురించి. కడుగుతున్నంతసేపూ స్త్రీలు ఒక్క మాట మాట్లాడరనీ, ఆ మౌనం రెండు లోకాల నడుమ గడప లాంటిదనీ ఇరవై రెండు పేజీలు రాశాడు. చదివి ఏడ్చాను నేను. ఆడవాళ్ళు చేతులతో చేసే పనిని ఒక చదువుకున్న మగవాడు ఇంత గౌరవంగా చూశాడా అని. నా రెండు పేజీల్లో ఒకటిన్నర ఆ మౌనం గురించే. పైగా మా దరఖాస్తులు చూసే ప్రొఫెసర్ ఆ విదేశీ పండితుడి శిష్యుడేనని అందరికీ తెలుసు.

గురువారం పొద్దున శ్మశానంలో చలిగా ఉంది. పాదిరిగారు, ఆర్గిరిస్, అత్తయ్య, అత్తయ్య తోడికోడలు పొలిక్సేని, నేను. అత్తయ్య దారి పొడుగునా తలగుడ్డ ముడి విప్పుతూ, మళ్ళీ వేస్తూ వచ్చింది. మనిషి మట్టిలో సరిగ్గా కరక్కపోతే మళ్ళీ పూడ్చిపెట్టాలి. అది ఆ ఇంటికి తలవంపు. ఎవరి శాపమో తగిలిందని ఊరు ఏళ్ళ తరబడి చెప్పుకుంటుంది. నేను పారతో పైమట్టి తీసి, తర్వాత గోదాము నుంచి తెచ్చుకున్న చిన్న తాపీతో మెల్లగా గీకుతూ వెళ్ళాను. పెట్టె చెక్కలు నల్లగా పొడి అయిపోయాయి. నా చెమట కళ్ళలో పడుతోంది. తాపీ కొనకి గుండ్రంగా, గట్టిగా తగిలింది. మట్టి తుడిచాను. గోధుమరంగులో, శుభ్రంగా, మామగారి తల.

పొలిక్సేని శిలువ గుర్తు వేసుకుంది. పాదిరిగారు ప్రార్థన చదివి వైను పోశారు. మేం ముగ్గురం మోకాళ్ళ మీద కూర్చుని ఎముకలు ఒక్కొక్కటే పళ్ళెంలోకి తీస్తున్నాం, ఎవరూ మాట్లాడటం లేదు. మూడో అధ్యాయం నా కళ్ళ ముందే జరుగుతోంది, నేను అందులోనే ఉన్నాను. నేను రాసింది ఎంత నిజమో అనుకున్నాను. ఇంతలో ఆర్గిరిస్, నాన్నని ఇలా చూడలేననీ, అయ్యాక కబురు పెట్టమనీ చెప్పి, పాదిరిగారిని తీసుకుని కాఫీ తాగడానికి వెళ్ళాడు. ఇనుప గేటు చప్పుడైంది.

"పోయారా?" అంది అత్తయ్య తల ఎత్తకుండా.

"పోయారు, మలుపు తిరిగారు" అంది పొలిక్సేని.

అత్తయ్య మామగారి తలని రెండు చేతులతో ఎత్తి ఒళ్ళో పెట్టుకుంది. "కరిగావు కదా మహానుభావా. నే తిట్టిన తిట్లకి కరగవేమోనని ఐదేళ్ళుగా నాకు కంటి మీద కునుకు లేదు" అంటూ భోరున ఏడ్చింది, ఏడుస్తూనే నవ్వింది. ఆ తర్వాత ఇక ఆగలేదు. ఒక్కో ఎముకా కడుగుతూ ఒక్కో సంగతి. ఈ కాలు మంచులో మూడు మైళ్ళు నన్ను పురిటికి మోసుకెళ్ళింది, అదీ చెప్పాలి అంది. ఈ మెడ నా పుట్టింటివాళ్ళు వస్తే అటు తిరిగేది కాదు అంది. చేతి ఎముకలు చిన్న చిన్నవి, వాటిని అరచేతిలో పోసుకుని వైనుతో ఎంతో మెత్తగా రుద్దింది.

"ఇదిగో ఈ చెయ్యి. నలభై మూడేళ్ళమ్మా. తాగిన గ్లాసు ఒక్కనాడు తెచ్చి వంటింట్లో పెట్టలేదు."

తన భర్త చెయ్యీ అంతేననీ, ఆయన ఎముకలు కడిగే రోజున తనూ ఇలాగే నిలదీస్తాననీ పొలిక్సేని అంది. ఇద్దరూ కడుపుబ్బా నవ్వుకున్నారు. నేను చేతిలో ఒక పక్కటెముక పట్టుకుని అలాగే ఉండిపోయాను. పప్పు డబ్బాలోని ఆ ఒకటిన్నర పేజీ నా కళ్ళెదుటే కూలిపోయింది.

"అత్తయ్యా, కడిగేటప్పుడు మాట్లాడకూడదు కదా?" అన్నాను.

"ఎవరన్నారు?"

మీ ఇంట్లో ఉండి వెళ్ళిన ఆయన పుస్తకంలో అలా ఉందని చెప్పాను.

"ఆ పొడుగాయనా! మా మామగారి ఎముకలు తీసిన రోజు వచ్చాడు. ఇదిగో, ఇక్కడే కాయితాలు పట్టుకుని నించున్నాడు. పక్కన మీ మామగారు. ఇద్దరు మగాళ్ళు నెత్తి మీద నించుంటే ఏం మాట్లాడతాం అమ్మాయ్? ఇంటికెళ్ళాక నిలదీస్తారు, మా నాన్నని అంతమాట అంటావా అని. ఆ సాయంత్రం ఆయన అడిగాడు, మీ ఆడవాళ్ళు ఎందుకు మాట్లాడరూ అని. చచ్చినవాళ్ళు వింటారని మీ మామగారు చెప్పారు. ఎప్పుడైనా ఓ ఎముక ముట్టుకున్నాడా ఈయన? నేను అక్కడే మిరపకాయలు వేయిస్తున్నా. నన్నడగలేదు."

ఏ పొరలో, దేని పక్కన దొరికిందో రాయని వస్తువు గురించి ఒక్క మాట కూడా చెప్పొద్దు. తొమ్మిదేళ్ళుగా ప్రతి పెంకుకీ పాటించిన నియమం అది. మౌనానికి మాత్రం పాటించలేదు. ఆ మౌనం పక్కన ఎవరు నిలబడ్డారో ఆ పొడుగాయన రాయలేదు, ఎందుకంటే నిలబడింది ఆయనే. నేనూ అడగలేదు. నోట్లో నాలుక లేదని మా ఆయన నన్ను పొగిడినప్పుడల్లా, ఆయన గదిలోంచి వెళ్ళాక స్టవ్వుతోనూ, గిన్నెలతోనూ నేను చెప్పుకునే మాటలు ఎన్నో నాకు తెలుసు కదా. అయినా ఆ ఇరవై రెండు పేజీలు నమ్మి ఏడ్చాను. నా మీద నాకే ఒళ్ళు మండింది.

ఆ వెంటనే భయం. ఉన్నది ఉన్నట్టు రాస్తే ఆ శిష్యుడు నా దరఖాస్తు పక్కన పడేయొచ్చు. రాయకపోతే అబద్ధంతో సీటు అడుగుతున్నట్టు. అంతకన్నా ఇంకో భయం లోపల మెలిపెడుతోంది. ఇలా అత్తయ్య ఏడుపూ నవ్వూ మోసుకెళ్ళి నా సీటు కోసం రాసుకుంటే నాకూ ఆ పొడుగాయనకీ తేడా ఏముంది? అడగాలి. అడగాలంటే ముందు అసలు విషయం చెప్పాలి. అత్తయ్యా, నేనొక దరఖాస్తు రాస్తున్నాను అని మొదలుపెట్టాను.

"పప్పు డబ్బాలో కాయితాలేనా?" అంది.

నేను చేతిలోని పక్కటెముక పళ్ళెంలో పెట్టేశాను.

"నువ్వు గోదాముకి పోయిన రోజుల్లో ఈ ఇంట్లో పప్పు వండేదెవరనుకున్నావు? ఆవిరికి తడుస్తున్నాయని సంచిలో చుట్టాను. నాకు ఆ చిన్న అక్షరాలు కనబడవు, చదవలేదు."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆ డబ్బా నేను తప్ప ఎవరూ తెరవరని ఎంత ధీమాగా అనుకున్నాను! ఐదేళ్ళుగా ఒకే పొయ్యి దగ్గర నిలబడుతున్న మనిషి, నాకూ కనబడలేదు. ఆ పొడుగాయనని అన్న మాటలన్నీ నాకూ వర్తిస్తాయి. నా చేతికి వైను తగిలి ఎర్రగా ఉంది, దాన్ని అనవసరంగా గుడ్డతో తుడుస్తూ, ఇవాళ మీరు చెప్పింది రాయొచ్చా, మీ పేరుతో రాయొచ్చా అని అడిగాను. మామగారి వేళ్ళని ఆమె తెల్ల గుడ్డలో వరుసగా పేర్చింది.

"రాయి. వాళ్ళ అమ్మ, వీళ్ళ అత్త అని కాదు, పేరు పూర్తిగా రాయి. గరుఫాలియా. తిట్లు వద్దు, పోయినవాడు కదా. గ్లాసు సంగతి ఉండనీ." తర్వాత నా మొహంలోకి చూసి, "మరి మావాడికి చెప్పావా?" అంది.

చెప్పలేదన్నాను. కూర మాడుతోందని అనలేదు ఈసారి.

మధ్యాహ్నం ఊరింటి వాకిట్లో భోజనాలు. పాదిరిగారు గోధుమలు రుచి చూసి, పులవలేదని మెచ్చుకున్నారు. మగవాళ్ళందరూ బల్ల చుట్టూ కూర్చున్నారు. నేనూ, పొలిక్సేనీ, అత్తయ్యా వడ్డిస్తున్నాం, ఒక్క మాట లేకుండా. ఆడవాళ్ళు ఎంత ప్రశాంతంగా జరిపించారోనని పాదిరిగారు అన్నారు. ఆర్గిరిస్ వైను చివరి గుక్క తాగి గ్లాసు బల్ల మీద పెట్టి, నా వైపు చూపిస్తూ, "మా ఆవిడకి నోట్లో నాలుక లేదండీ. అదే నా అదృష్టం" అన్నాడు. అత్తయ్య రొట్టెల బుట్టతో గుమ్మంలో ఆగిపోయింది.

పళ్ళెం బల్ల మీద పెట్టి, రెండు చేతులూ బల్ల అంచుకి ఆనించాను.

"ఆర్గిరిస్, రేపు పొద్దున ఏడింటి బస్సుకి నేను థెస్సలోనికి వెళ్తున్నాను, దరఖాస్తు ఇవ్వడానికి. సీటొస్తే రెండేళ్ళు. వారానికి మూడు రోజులు ఇంట్లో ఉండను. నిన్ను అడగడం లేదు, చెబుతున్నాను."

ఎవరూ మాట్లాడలేదు. రొట్టె నమలడం కూడా ఆపేశారు. ఆ మౌనం ఎంతసేపుందో, దాని పక్కన ఎవరెవరున్నారో మనసులో రాసుకున్నాను, బస్సులో కాగితం మీద పెట్టడానికి. బల్ల దగ్గర పాదిరిగారు. ఆయన పక్కన మా ఆయన, ఆయన ముందు ఒక ఖాళీ గ్లాసు. గుమ్మంలో గరుఫాలియా, అరవై ఆరేళ్ళు, ఆ గ్లాసు వైపే చూస్తూ, తన కొడుకు లేచి దాన్ని తీస్తాడేమోనని.