కుడిపక్క వారిదే తోట

బేత్‌సోరెకు ఊళ్లో హానూను ప్రవక్తకు ఉన్నంత పేరు ఇంకెవరికీ లేదు. ఎందుకంటే ఆయన ఎవరి మొహమూ చూడడు. అడగవచ్చినవాళ్లు తెచ్చిన కానుక ఆయన పక్కన పెట్టి నిలబడగానే, ఉన్ని దుప్పటిని తలమీంచి నడుము దాకా లాక్కుంటాడు. ఆ తర్వాతే దేవుడి మాట చెబుతాడు. కలవాడా లేనివాడా, చుట్టమా పరాయివాడా, ఆ దుప్పటిలోంచి ఏం కనబడుతుంది? ఇంతకన్నా న్యాయం ఎక్కడుంటుందని ఊరు ఊరంతా మురిసిపోయేది.

హొగ్లా కూడా మురిసినవాళ్లలో ఒకతే, తన ద్రాక్షతోట మీదికి వచ్చేదాకా. మొగుడు పోయాక ఆమెకూ పిల్లలకూ ఆ తోటే ఆధారం. పక్క తోట జక్కూరుది. ఆయనకు లేనిదేమీ లేదు, తృప్తి తప్ప. పళ్లు రంగు తిరుగుతుండగా ఆయన వచ్చి, గట్టురాయి ఎక్కడుందో చూసుకోమ్మా, నీ తోట దిగువ భాగమంతా నాదే అన్నాడు. చూస్తే రాయి నిజంగానే ఎగువన ఉంది. నిరుటి దాకా అది అక్కడ లేదని హొగ్లా ఎంత మొత్తుకున్నా పెద్దలు గడ్డాలు నిమురుకున్నారు. జక్కూరుతో తగువెందుకు, ఎండలో తోటదాకా నడవడమెందుకు? ప్రవక్తను అడుగుదామని తేల్చేశారు. దిగువ భాగం పోతే హొగ్లాకు మిగిలేవి రాళ్లూ ముళ్లపొదలే. పిల్లల్ని వెంటబెట్టుకుని పరుల పొలాల్లో పరిగె ఏరుకుని బతకాలి.

"ఆడగొర్రెను తోలుకెళ్లు వదినా," అంది ఆడపడుచు మిల్కా, తిరగలి ఆపకుండానే. "బార్లీ రొట్టెలు మూటగడుతున్నావా? నీకేమన్నా పిచ్చా? జక్కూరు గొర్రెపిల్లను కాల్పిస్తున్నాడట, వీధి వీధంతా వాసన."

"ఉన్నది ఒక్క గొర్రె. పాలెక్కణ్నించి తేను?"

"తోట పోయాక ఆ గొర్రెనెక్కడ మేపుతావు? అందరూ ఇస్తున్నదేగా!"

"తోట ఎవరిదో దేవుడికి తెలీదంటావా మిల్కా? తెలిస్తే చెప్పడానికి నా గొర్రె ఎందుకే?"

"దేవుడికెందుకమ్మా? మధ్యలో ఉన్నాయనకి కావాలి."

హొగ్లాకు నవ్వొచ్చింది, వెంటనే భయం కూడా వేసింది. అయినా రొట్టెల మూటే చంకన పెట్టుకుని బయలుదేరింది.

పెద్దలు తగువులు తీర్చే చోటు ఊరి గవిని, అంటే కోట వాకిలి. అక్కడ అప్పటికే జనం కూడారు. పెద్దలు రాతిబల్లల మీద కూర్చున్నారు. మధ్యలో చాప మీద హానూను, నిండుకుండలాంటి పొట్టతో. ముందుగా ఒక రైతు తేనెకుండ పెట్టి, తన చేనికి వాన పడుతుందా అని అడిగాడు. దుప్పటి కిందనుంచి "ఆకాశం తెరుచుకొనును, నీ కొట్లు పొంగిపొర్లును!" అని వినబడింది. వాడి వెనకే పక్క చేను రైతు వచ్చాడు. ఇద్దరి చేలకూ మధ్య ఒక్క గట్టే అడ్డం. వీడు ఏమీ తేలేదు, దణ్ణం మాత్రం వంగి పెట్టాడు. "ఆకాశం ఇత్తడియగును, మిడతలు నీ చేను నాకును!" అంది దుప్పటి.

వాన రాకడా ప్రాణం పోకడా ఎవరికీ తెలియవంటారు. ఈ వానకు మాత్రం ఏ గట్టు దగ్గర ఆగాలో బాగా తెలిసినట్టుంది. రైతు ఏడుపు మొహంతో జనంలోకి తప్పుకుంటుంటే హొగ్లా అటూ ఇటూ చూసింది. ఎవరికీ చీమ కుట్టినట్టయినా లేదు. ఆమెకు మాత్రం ఒళ్లు మండిపోయింది. హానూను చేతులు కడుక్కోవడానికి పక్కకు వెళ్లగానే, పెద్దల్లో వయసు మళ్లిన అహీర దగ్గరికి పోయి గొంతు తగ్గించి అడిగింది.

"పెద్దయ్యా, దుప్పటి కప్పుకున్నాక ప్రవక్తకు మా మొహాలు కనబడవు కదా?"

"కనబడవమ్మా. అదే ఆయన గొప్ప."

"దేవుడికి కనబడతాం కదా?"

"ఎంత మాట! ఆయనకు కనబడనిదేముంది?"

"అయితే మేం ఏ పక్క నిలబడితే ఏం? ఆయన కప్పుకోగానే నేనూ జక్కూరూ చోట్లు మారతాం. మీరు చూస్తూ ఉండండి చాలు."

మామూలుగా అహీర ఎవరితోనూ పేచీ పడని మనిషి, గోడమీది పిల్లి. కానీ ఇది చూడాలని ఆయనకూ సరదా పుట్టింది. మీసంలోనే నవ్వుకుని తలూపాడు.

హానూను వచ్చి కూర్చున్నాడు. జక్కూరు కుడిపక్కన కాల్చిన గొర్రెపిల్లను పళ్లెంతో సహా పెట్టి, దాని పక్కనే నూనె సిద్దె ఆనించి నిలబడ్డాడు. హొగ్లా ఎడమపక్కన రొట్టెలు పెట్టింది. హానూను కుడివైపు చూసి గుటక మింగాడు, ఎడమవైపు చూసి నిట్టూర్చాడు, దుప్పటి లాక్కున్నాడు.

హొగ్లా అడుగుల చప్పుడు కాకుండా కుడిపక్కకు నడిచింది. జక్కూరు తెల్లబోయాడు. అహీర నోటిమీద వేలేసుకుని, చేతికర్రతో ఆయన్ని ఎడమపక్కకు పొమ్మని చూపించాడు. పోనంటే ఎందుకు పోనన్నావని అడుగుతారు. తేలు కుట్టిన దొంగలా జక్కూరు ఎడమపక్కకు వెళ్లి నిలబడ్డాడు. అక్కణ్నించి గట్టిగా దగ్గాడు.

అహీర కూడా దగ్గాడు. వెనకనుంచి మిల్కా దగ్గింది. ఇందాకటి ఏడుపుమొహం రైతుకు సంగతి అర్థమైందో ఏమో, కడుపు పట్టుకుని మరీ దగ్గాడు. చూస్తుండగానే గవిని గవినంతా దగ్గుతో మారుమోగింది. అందులో జక్కూరు దగ్గు ఏదో కనుక్కోవడం ఎవరి తరం?

"నిశ్శబ్దము!" అని ఉరిమింది దుప్పటి. "దేవుడు నా నోట ఉంచిన మాట వినుడి! కుడిపక్కన నిలిచినవారిదే తోట! ఎడమపక్కనున్నవారు దాని ఆకు ముట్టినను వారి ఇంట దీపము ఆరిపోవును!"

అని, హుందాగా దుప్పటి తీశాడు. కుడిపక్కన హొగ్లా చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

హానూను నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. "అదీ... కుడి అంటే... మీ వైపు నుంచి చూస్తే..." అని ఆయన నసుగుతుండగానే జక్కూరు పట్టలేకపోయాడు.

"గొర్రెపిల్లను పెట్టింది నేనయ్యా! తిండిపోతు సన్నాసీ!"

ఇక చెప్పాలా! ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు, మగవాళ్లు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. హానూను మళ్లీ దుప్పటి కప్పుకున్నాడు, ఈసారి మొహం దాచుకోవడానికి. కళ్లు తుడుచుకుంటూ అహీర లేచాడు.

"సరేనమ్మా, ఆయన నోటే వచ్చింది, తోట నీదే. ఇంటికెళ్లి పిల్లలకు చెప్పుకో."

పరుగెత్తి వెళ్లిపోదామనే అనిపించింది హొగ్లాకు. కాళ్లు కూడా కదిలాయి. కానీ ఆగింది.

"ఆ మాట నాకొద్దు పెద్దయ్యా."

"నీకేమన్నా పిచ్చా వదినా!" అని అరిచింది మిల్కా.

"ఆ మాటను జక్కూరు గొర్రెపిల్ల కొన్నది. నా అదృష్టం బాగుండి నా పక్కన పడింది. రేపు ఇంకొకడు కోడెను తోలుకొస్తే ఇదే నోరు ఇంకోలా తిరుగుతుంది. దీన్ని నమ్ముకుని పిల్లల్నెలా పెంచను? గవినిలో న్యాయం చెప్పాల్సింది మీరు. లేచి రండి, రాయిని మీ కళ్లతో చూసి చెప్పండి."

నవ్వులు ఆగిపోయాయి. అహీర మొహం ఎర్రబడింది. ఆయన కర్ర తీసుకుని ముందు నడిచాడు. వెనక ఊరంతా కదిలింది.

ఎండ మాడ్చేస్తోంది. తోటలో అడుగుపెట్టేసరికి ముసలాయనకు నాలుక పిడచకట్టుకుపోయింది. హొగ్లా జాలిపడి ఒక గుత్తి తెంపి ఇవ్వబోయింది. ఆయన చెయ్యి చాపాడు, పళ్లవైపు చూశాడు, టక్కున వెనక్కి తీసుకున్నాడు.

"ఇప్పుడొద్దు తల్లీ. ఇప్పుడు తింటే నాకూ ఆ దుప్పటికీ తేడా ఏముంది?"

దిగువ గట్టంతా కర్రతో పొడుచుకుంటూ నడిచాడు. చివర్లో గడ్డి మొలవని ఒకచోట కర్ర సర్రున లోపలికి దిగిపోయింది. మట్టి తీయించారు. కింద పాత గుంట, ఆ రాయి అడుగు ఎంతుందో అంత వెడల్పున. జక్కూరు కోసం చూస్తే ఆయన ఎప్పుడో జారుకున్నాడు.

"ముత్తాతలు పాతిన రాయి ఇక్కడిది," అన్నాడు అహీర అందరికీ వినబడేలా. "జక్కూరు చేతే దీన్ని మోయించి ఇక్కడే పాతిస్తాం. దిగువ భాగం హొగ్లాది, ఆమె పిల్లలది. ఇది మొదటే వచ్చి చూడకపోవడం మా తప్పు."

హొగ్లా గుంట పక్కనే కూలబడి ఏడ్చేసింది. ఇన్నాళ్ల బెంగ ఒక్కసారిగా దిగింది. మిల్కా వచ్చి వీపు నిమిరింది. తర్వాత కళ్లు తుడుచుకుని చూస్తే, ముసలాయన ఇంకా ఎండలోనే, పళ్ల వంక చూడకుండా చూస్తూ నిలబడి ఉన్నాడు.

"తీర్పు చెప్పేశారుగా పెద్దయ్యా, ఇప్పుడు తినండి."

"అబ్బే, బాగుండదమ్మా. గుత్తి కోసమే చెప్పాడంటారు."

"నేనివ్వడం లేదుగా!" అంది హొగ్లా. "దారిన పోయేవాడు ఎవరి తోటలోనైనా కడుపునిండా తినొచ్చు, బుట్టలో వేసుకోకూడదంతే అని మన ధర్మంలోనే ఉంది. మీరూ దారిన పోయేవాళ్లే అనుకోండి. కోసుకోండి!"

అహీర ఆలోచించాడు. రెండు చేతులూ అందరికీ కనబడేలా పైకెత్తి, బుట్ట లేదని చూపించి, తీగ కిందికి వంగాడు.